బార్బడోస్ పోయేవాళ్లకు నేను చెప్పిన జాగ్రత్తలు

మా తమ్ముడు ఫోన్ చేసేనాటికి బతుకమ్మ పండుగ అయిపోయి వారం కూడా కాలేదు. గోదావరిఖనిలో మా ఇంటి వరండాలో కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. వాడి బిడ్డ పెళ్లి ఖాయమైందని అప్పటికే తెలుసు. ఎక్కడ చేస్తున్నాడన్నదే కొత్త మాట.

“బార్బడోస్‌ల చేస్తున్నం అక్కా. సముద్రం ఒడ్డు మీద. యాదికున్నదా బార్బడోస్?”

యాదికి లేకపోవడమేమిటి. సుల్తానాబాద్ దగ్గర మా ఊళ్లో, చిన్నప్పుడు, వెస్టిండీస్‌లో క్రికెట్ జరుగుతుంటే వాడు బాపు ట్రాన్సిస్టర్‌ను చెవికి ఆనించుకొని పడుకునేవాడు. ఒకసారి బార్బడోస్ అంటే ఎక్కడని నన్నడిగాడు. నా బడి అట్లాసు తీసి ఇద్దరం వెతికాం. ద్వీపాలన్నీ ఒక వరుసలో ఉంటే, వరుస తప్పి తూర్పుకు జరిగి నిలబడ్డట్టు ఒక చుక్క. దాని చుట్టూ వాడు పెన్సిలుతో సున్నా చుట్టాడు. పుస్తకం పాడుచేసినందుకు నెత్తిమీద ఒకటి వేశాను. ఆ తర్వాత నేను సోషల్ టీచర్నయ్యాను. ఏళ్ల తరబడి పిల్లలతో పటంలో ఊళ్లు గుర్తుపెట్టించి రిటైరయ్యాను. వాడు కరీంనగర్‌లో గ్రానైట్ వ్యాపారంలో దిగి బాగా పైకొచ్చాడు. అట్లాంటివాడు యాదికున్నదా అని అడిగేసరికి, ఆ చుక్కంత ఊరు మా ఇద్దరిదేనని నాకు అనిపించింది. మా ఇంటి పెళ్లి అక్కడ జరగడం గొప్పగా కూడా తోచింది.

ఫోన్ చేసింది ఊరికే చెప్పడానికి కాదు, ఒక పని పడింది. పెళ్లికి వచ్చేవాళ్లలో సగం మంది విమానం ఎక్కనివాళ్లు. పెళ్లి ఏర్పాట్లు చూస్తున్న బొంబాయి వాళ్లు ప్రయాణం గురించి ఇంగ్లీషులో ఏవో సూచనలు పంపితే ఎవరికీ అర్థం కాలేదట.

“నువ్వు టీచర్‌వు గదా అక్కా. జర అందరికి సమజయ్యేటట్టు నువ్వే చెప్పు. ఫోన్ల మాట్లాడి వాట్సాప్ గ్రూపుల పెడితే చాలు.”

నేను సరేనన్నాను. సరేననడం కాదు, ఎగిరి గంతేశాను. రిటైరయ్యాక నన్నెవరూ ఏమీ చెప్పమని అడగలేదు.

మర్నాటి నుంచి అదే నా పని. ఏర్పాట్లు చూసే ఆ బొంబాయి వాళ్ల అమ్మాయికి ఫోన్ చేసి నాకొచ్చిన హిందీలో అన్నీ అడిగి తెలుసుకునేదాన్ని. కంప్యూటర్‌లో చదివేదాన్ని. పొద్దున చాయ్ తాగాక వరండాలో కూర్చొని, క్లాసులో చెప్పినట్టే, ఫోన్‌లో మాట్లాడి గ్రూపులో పెట్టేదాన్ని. లండన్‌లో విమానం మారాలి, ఎయిర్‌పోర్టు బయటికి పోకున్నా దానికి వేరే వీసా కావాలి, ఇప్పుడే పెట్టుకోండ్రి అని చెప్పాను. లండన్‌లో వణుకుతరు, బార్బడోస్‌ల దిగంగనే చెమట పోస్తది, కాబట్టి స్వెటర్ చేతిలో పట్టుకోండ్రి, సూట్‌కేసులో అడుగున పెట్టకండ్రి అన్నాను. బీపీ, షుగర్ గోలీలు డాక్టర్ రాసిన చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలన్నాను. నగలు తీసుకుపోయేవాళ్లు మన దగ్గరి కస్టమ్స్‌లో ముందే చూపించి రాయించుకోవాలి, లేకుంటే వాపస్ వచ్చేటప్పుడు కొత్తగా కొన్నరా అని అడుగుతారు. అక్కడి ప్లగ్గులకు మన చార్జర్లు పట్టవు.

మిలిటరీ రంగు బట్టల గురించి చెప్పిన రోజు గ్రూపంతా గోలగోల అయింది. ఆకుపచ్చా మట్టిరంగూ మచ్చలుండే ఆ బట్టలు అక్కడ సైనికులు తప్ప ఎవరూ వేసుకోకూడదు, చట్టమే ఉంది, చిన్నపిల్లలకైనా సరే. ఒకావిడ మనవడికి అట్లాంటి ప్యాంట్లే కొని పెట్టిందట. నన్ను అడగకుండా మళ్లీ ఏదీ కొననని మెసేజ్ పెట్టింది. తొక్కుల గురించి, అంటే పచ్చళ్ల గురించి, వచ్చిన ప్రశ్నలకైతే లెక్కే లేదు. ఇంటి తొక్కులు, పండ్లు, గింజలు దిగిన చోట ఆపేస్తారు, సకినాలు మాత్రం పొట్లం కట్టుకోండ్రి అన్నాను.

నాకు బాగా నచ్చింది మాత్రం ఒక చెట్టు సంగతి. అక్కడ సముద్రం ఒడ్డున పచ్చని చిన్న కాయలు కాసే చెట్టొకటి ఉంటుంది. చూస్తే జామకాయలా నోరూరుతుంది గానీ, తింటే గొంతు కాలిపోతుంది. వాన పడ్డప్పుడు దానికింద నిలబడ్డా, ఆకుల మీదినుంచి జారిన నీళ్లకు ఒళ్లు బొబ్బలెక్కుతుంది. చాలా చెట్ల మొదళ్లకు ఎర్ర రంగు గుర్తు వేసి పెడతారు. “చెట్టు నీడ గదా అని కూసోకండ్రి, ముందుగాల మొదలు చూడండ్రి” అని చెప్పిన ఆ మెసేజ్‌ను మా ఆయన కూడా రెండుసార్లు విన్నాడు.

మా ఆయన బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఎక్కువ మాట్లాడడు. ఒకరోజు అన్నం తింటూ అడిగాడు.

“మన టికెట్లు ఎప్పుడు చేస్తడట మీ తమ్ముడు?”

“చేస్తడు. బయటోళ్లవి అయినంక ఇంటోళ్లవి.”

ఆయన మజ్జిగ పోసుకున్నాడు. నాకే ఆ ప్రశ్న మీద చిరాకు వేసింది. నా పాస్‌పోర్టు కోసం కరీంనగర్ పోయిన రోజు తమ్ముడింట్లోనే భోజనం చేశాను. తర్వాత పాస్‌పోర్టు చేతికొచ్చాక దాని ఫోటో తీసి వాడికి పంపాను. “ఫోటో మంచిగొచ్చింది అక్కా” అని జవాబు పెట్టాడు. మా మరదలు దండం పెట్టిన బొమ్మ పంపింది. దేనికి పాస్‌పోర్టు అని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అడగకపోవడం నాకు సహజంగానే అనిపించింది. పెళ్లికూతురికి నేను మేనత్తను. ఇంటి ఆడబిడ్డను. నన్ను పిలవడమేమిటి, నేను లేకుండా ఎట్లా అవుతుంది?

ఆ పిల్ల కూడా నాకు పరాయిది కాదు. ఇంటర్ చదివేటప్పుడు సెలవులన్నీ మా ఇంట్లోనే గడిపేది. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. పెళ్లికొడుకు నచ్చాడని తండ్రి కన్న ముందు నాకే చెప్పింది. పెళ్లిచీర రంగు మీద మేమిద్దరం ఎంతసేపు మాట్లాడుకున్నామో. ఈమధ్య ఆదివారాలు తప్పిపోతున్నా, పెళ్లి పనుల్లో తీరిక లేదనుకున్నాను.

సంక్రాంతి దాటాక తమ్ముడు పెళ్లికి వచ్చేవాళ్లందరినీ కరీంనగర్‌లో తన ఇంటికి పిలిచాడు. ఇంకా సందేహాలున్నవాళ్లకు నేను ఎదురుగా చెప్పాలి. బడిలో నాకు వీడ్కోలు రోజున ఇచ్చిన ప్రపంచ పటం చుట్టి, బస్సులో తీసుకుపోయాను. పై అంతస్తు హాల్లో కుర్చీలు వేశారు. గ్రానైట్ వ్యాపారులు, వాళ్ల భార్యలు, ఒకరిద్దరు ఆఫీసర్లు. మా బంధువులు కొద్దిమందే కనిపించారు. నేను పటం గోడకు తగిలించి లండన్ నుంచి ఆ చుక్క దాకా వేలితో గీత గీసి చూపించాను. ఇక్కడ పొద్దెక్కేసరికి అక్కడ నడిరాత్రి అని చెబుతుంటే అందరూ శ్రద్ధగా విన్నారు. అంత సంతోషం నాకు ఈమధ్య కాలంలో కలగలేదు.

ఆ వచ్చినవాళ్లలో ధర్మపురి నుంచి పంతులుగారు ఉన్నారు. పెళ్లి చేయించేది ఆయనే. ఐరేణి కుండలు విమానంలో తీసుకుపోవచ్చా అని ఆయన అడిగారు. పెళ్లిలో పూజకు పెట్టే రంగులు వేసిన మట్టికుండలు అవి. మట్టి అంటకుండా శుభ్రంగా తుడిచి, లోపల బట్టలు కుక్కి, చేతిసంచిలో పెట్టుకొమ్మన్నాను. ఆయన తలూపి, మెల్లగా ఇంకో మాట అన్నారు.

“ఆ కుండల కాడ దీపం ముట్టించేది ఇంటి ఆడబిడ్డ గదమ్మా. మోకాళ్ల నొప్పులు ఎక్కువై మీరు ఇగ రానంటిరట. మీ బదులు మీ తమ్ముని పార్ట్‌నర్ భార్యతోని చేయిద్దామన్నరు. ఆమెకు విధానం తెల్వదు. జర మీరు ఆమెకు చూపిస్తే బాగుంటది.”

ముందు వరుసలో కూర్చున్న ఒకావిడ అందుకుంది. “అవును టీచరమ్మా, మీరు రాకున్నా మాకోసం గింత చేస్తున్నరు, మీ మనసు గొప్పది” అంది. పార్ట్‌నర్ భార్య కూడా అక్కడే ఉంది. మంచి మనిషిలాగే ఉంది. నావైపు చూసి చేతులు జోడించింది.

నేను తమ్ముడి కోసం చూశాను. తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఫోన్ తీసి చూడడం మొదలుపెట్టాడు. మా మరదలు చాయ్ పళ్లెం పట్టుకొని వచ్చినదల్లా అక్కడే ఆగి, వెనక్కి తిరిగిపోయింది. అప్పుడు అర్థమైంది, ఇంట్లో తెలియనిది నాకొక్కదానికేనని.

నా మోకాళ్లకు ఏ నొప్పీ లేదు. ఆ మాట అక్కడే అనేయవచ్చు. కానీ ముప్పైమంది ముందు నిలబడి నన్ను పిలవలేదని చెప్పుకోవాలంటే నాకే సిగ్గు వేసింది, తప్పు నాదైనట్టు. ఎవరో సముద్రంలో దిగొచ్చా అని అడిగారు. పడమటి ఒడ్డున నీళ్లు నిమ్మళంగా ఉంటాయి, తూర్పు ఒడ్డున లాగేస్తాయి, అటువైపు దిగకండ్రి అని చెప్పాను. చివరికి ఆ పార్ట్‌నర్ భార్యను పక్కకు పిలిచి, దీపం ఎట్లా పట్టుకోవాలో, కుండలకు ఏవైపు నుంచి తిరగాలో చూపించాను కూడా. ఎందుకు చూపించానని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆ పిల్ల పెళ్లిలో తప్పు జరగకూడదని, అంతే.

అందరూ వెళ్లిపోయాక తమ్ముడు తన గదిలో ఉంటే పోయి తలుపు దగ్గరికి వేశాను.

“నేను రానని ఎప్పుడన్న, తమ్మీ?”

వాడు నా మొహం చూడలేదు. రూములు లెక్కగానే దొరికాయన్నాడు. పెళ్లికొడుకు వాళ్ల తరఫున ఎక్కువమంది ఉన్నారన్నాడు. వ్యాపారంలో ఉన్నవాళ్లను కాదనలేనన్నాడు. వచ్చాక ఇక్కడ కరీంనగర్‌లో పెద్ద ఫంక్షన్ చేస్తానని, దానికి నేనే పెద్దరికం వహించాలని అన్నాడు.

“రూములు లేకుంటే లేవని చెప్పాలె. నా మోకాళ్ల మీద ఎందుకు పెట్టినవ్?”

“అక్క ఎందుకొస్తలేదని అందరు అడుగుతరు గదా. పిలవలేదంటే ఇజ్జత్ పోతది.”

“ఎవరి ఇజ్జత్?”

వాడు బల్ల మీది కాగితాలు సర్దాడు. “నువ్వైతే అర్థం చేసుకుంటవనుకున్న అక్కా. చెప్దామనే అనుకున్న. గా మెసేజ్‌లు పెట్టుకుంట నువ్వు సంతోషంగున్నవు, చెప్పబుద్ధి కాలే” అన్నాడు.

“పాస్‌పోర్టు ఫోటో పంపిన్నాడన్న చెప్పబుద్ధి కాలేదా?”

నేను పటం చుట్టుకొని కిందికి దిగాను. మా మరదలు గేటు దాకా వెంట వచ్చింది. “మీ తమ్ముడు ఎవ్వరి మాట వింటడు వదినె” అంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. అయినా ఇన్ని నెలల్లో ఆమె నాకు ఎన్నిసార్లు ఫోన్ చేసిందో గుర్తొచ్చి, ఆ నీళ్లు చూడబుద్ధి కాలేదు.

బస్సు సుల్తానాబాద్‌లో ఆగింది. మా ఊరి దారి ఆ ఎడమపక్క మలుపే. వరి నాట్లు పడుతున్న కాలం, మళ్లన్నీ నీళ్లతో మెరుస్తున్నాయి. నాకు ఏడుపు రాలేదు. ప్రతి మెసేజ్ గుర్తొస్తున్నది. “మనం పోయినప్పుడు”, “మనకు అక్కడ” అని ఎన్నిసార్లు అన్నానో. అది విన్న ప్రతిసారీ వాడికి తెలుసు. విని, గ్రూపులో లేనివాళ్లకు కూడా పంపించాడు. నన్ను పిలవకపోవడం కన్న అదే ఎక్కువ నొప్పిగా ఉంది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. “నాకు అప్పుడే అనుమానమొచ్చింది. నీతోని అంటే బాధపడతవని అనలే” అన్నాడు. ఆయన మీద కూడా కాసేపు కోపమొచ్చింది.

మేనకోడలికి ఫోన్ చేశాను. ఆ పిల్లకు తెలియకపోవచ్చునని ఇంకా ఒక మూల ఆశ. ఎత్తగానే “అత్తమ్మా” అని ఆగిపోయింది. ఆ ఆగడంలోనే నాకు తెలిసిపోయింది. డాడీ నీకు చెప్పానన్నారు, నువ్వు ఏమీ అనుకోలేదన్నారు అని మొదలుపెట్టింది. నాకు చెప్పారా అని నువ్వొకసారి నన్ను అడగలేదేమని అన్నాను. అడిగితే నువ్వు ఏడుస్తవని భయమైందంది. నేను ఫోన్ పెట్టేశాను.

మూడునాళ్ల తర్వాత తమ్ముడి నుంచి మెసేజ్ వచ్చింది. లండన్ వీసా గురించి ఎవరెవరో అడుగుతున్నారట, కోపం ఉంటే తన మీద పెట్టుకొని వాళ్లకు మాత్రం చెప్పమన్నాడు. అది రెండుసార్లు చదివాను. వరండాలో కూర్చొని, ఫోన్ తీసి, గ్రూపులో ఆఖరుసారి మాట్లాడాను. ఆ మాటలు ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

“అందరికి నమస్తే. నా మోకాళ్లు మంచిగున్నయ్. నేను రానని ఎవ్వరికి చెప్పలే. నన్ను పిలవలే. మీకు చెప్పాల్సినయన్ని చెప్పిన, వీసా కాగితాలు జల్ది పెట్టుకోండ్రి. అందరు మంచిగ పోయి మంచిగ రాండ్రి.”

పంపి, గ్రూపులోంచి బయటికొచ్చాను.

ఆ పొద్దంతా ఫోన్లే. కొందరు అయ్యో అన్నారు. మిలిటరీ ప్యాంట్లు కొన్నావిడ, తనకు ముందే తెలిసుంటే వస్తాననేదాన్నే కాదంది, పోయింది మాత్రం. ధర్మపురిలో ఉండే మా చిన్నమ్మ మాత్రం శుభకార్యం ముంగట గట్ల అనొచ్చునా అని కోప్పడింది. ఇంటి మాట బజారున వేసుకున్నానంది. ఆమె అన్నదాంట్లో తప్పుందని నేను వాదించలేదు. చిన్నమ్మ ఫోన్ పెట్టేసిన కాసేపటికి తమ్ముడు చేశాడు. ముందు గట్టిగా అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఇద్దరికి టికెట్లు చేస్తున్న. రూము ఎట్లనో అట్ల చూస్త. రాండ్రి” అన్నాడు.

నిజం చెప్పాలంటే మనసు లాగింది. ఆ ఊరు చూడాలని ఉంది. ఆ పిల్లను పెళ్లిచీరలో చూడాలని ఉంది. కానీ వాడి గొంతులో రమ్మనడం వినిపించలేదు.

“ఇప్పుడొస్తే నన్ను పిలిచినట్టు కాదు తమ్మీ. నా నోరు మూపిచ్చినట్టు. వద్దు.”

“నీ ఇష్టం” అని పెట్టేశాడు.

మాఘమాసంలో పెళ్లయింది. పెళ్లిరోజు ఫోన్‌లో చూడమని ఆ పిల్ల లింకు పంపింది. మా ఆయన టీవీకి కలిపి పెట్టాడు. నీళ్లు నేను చెప్పినంత నీలంగానే ఉన్నాయి. పందిరి వెనక ఎర్ర గుర్తు వేసిన చెట్టొకటి కనిపిస్తే, ఎవరూ దానికింద కూర్చోలేదు కదా అని చూసుకున్నాను. పార్ట్‌నర్ భార్య కుండల దగ్గర దీపం పెట్టబోతే గాలికి రెండుసార్లు ఆరిపోయింది. పంతులుగారు చేయి అడ్డం పెట్టారు. నేను నేర్పినట్టే తిరిగింది ఆమె. తలంబ్రాలు పోసేదాకా చూశాను. ఆ పిల్ల నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. మేమిద్దరం ఎంచుకున్న రంగు చీరే. ఆ తర్వాత లేచి వంటింట్లోకి పోయి, పొయ్యి మీద పప్పు పెట్టుకున్నాను.

కరీంనగర్ ఫంక్షన్‌కు పోయాం. పోకపోతే ఇంకో కథ పుడుతుంది. పెద్దరికం తీసుకోమంటే తీసుకోలేదు. అందరితో పాటు కుర్చీలో కూర్చొని, వరుసలో పోయి అక్షింతలు వేసి, భోజనం చేసి వచ్చాం. బార్బడోస్ పోయొచ్చినవాళ్లు నా చుట్టూ చేరి, మీ మాటలు ఎంత పనికొచ్చాయో అని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. తమ్ముడు దూరం నుంచి చూస్తున్నాడు. ఆ పొగడ్తలు వినడానికి ఏమీ బాగాలేదు.

వేసవి మొదట్లో మేనకోడలు భర్తతో మా ఇంటికొచ్చింది. అతను మా ఆయనతో గనుల గురించి మాట్లాడుతూ కూర్చుంటే, ఆ పిల్ల నా వెనకాలే వంటింట్లోకి వచ్చింది. చాలాసేపు ఉల్లిగడ్డలు కోసింది. చివరికి అడిగింది.

“కోపం పోలేదా అత్తమ్మా?”

“కోపం లేదు బిడ్డా. మునుపటి లెక్క అన్ని నీతోని చెప్పుకునుడు మాత్రం ఇగ నాతోని కాదు.”

ఆ పిల్ల తలవంచుకుంది. దానికి ఇష్టమైన శనగల గుడాలు ఉడికించి, పోపు వేసి పెట్టాను, బొట్టు పెట్టి చీర పెట్టాను. పోతూ పోతూ గట్టిగా పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ఆరోగ్యం, ఎండలు, వానలు మాట్లాడుకుంటాం. తమ్ముడు పండుగలకు చేస్తాడు. బాగున్నవా అక్కా అంటాడు, బాగున్న అంటాను. ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియక, ఫోన్ బావకియ్యమంటాడు.